మనసు మొద్దుబారితే ఏది మేలు: ఓర్చుకోవడమా, డోసు తగ్గించడమా, మందు మార్చడమా?

తొమ్మిదో తరగతి సోషల్ యూనిట్ పరీక్షలో ముగ్గురు పిల్లలు ఒకే తప్పు రాశారు. కాకతీయుల రాజధాని అమరావతి అట. అది కూడా ముగ్గురూ 'అమారవతి' అనే రాశారు. ఇదివరకైతే ఆ మూడు పేపర్లూ చేతపట్టుకుని క్లాసులో చిన్న నాటకమే ఆడేదాన్ని. ఆ రోజు సున్నా వేసి, సంతకం పెట్టి, తర్వాతి పేపరు తీశాను. కోపం రాలేదు, నవ్వూ రాలేదు. ఇది వింతగా ఉందే అని ఇంటికి వెళ్లాక గానీ తట్టలేదు.

అప్పటికి కుంగుబాటుకు ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాముల మాత్ర మొదలుపెట్టి ఏడు నెలలయింది. ఆ మాత్ర చేసిన మేలు చిన్నది కాదు. అంతకు ముందు వేసవిలో పళ్లు తోముకోవడానికి లేవడమే గగనంగా ఉండేది. కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చేదాన్ని. ఆ ఏడుపు పోయింది, దాని వెంట మిగతావి కూడా వెళ్లిపోయాయి. పండగ పండగలా లేదు, తగవు తగవులా లేదు. మా ఆయన మాత్రం ఇంట్లో ప్రశాంతంగా ఉందని సంతోషించారు.

భావాలు ఇలా మొద్దుబారడం అరుదేమీ కాదు. ఈ తరహా మందులు వాడేవారిని అడిగితే దాదాపు సగం మంది ఎంతో కొంత ఉందనే చెబుతారు. 2023లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఏ జబ్బూ లేని వాళ్లకు కనీసం 21 రోజులు ఎస్సిటాలోప్రామ్ ఇచ్చి చూస్తే, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత చెక్కుచెదరలేదు. మంచి ఫలితం వచ్చినప్పుడు దాన్నుంచి నేర్చుకునే చురుకుదనం మాత్రం తగ్గింది. జబ్బు లేనివాళ్లలోనూ ఇలా జరిగిందంటే, 'నీ ఆలోచనా విధానంలోనే తేడా ఉంది' అనే బంధువులకు చెప్పడానికి నాకు ఒక మాట దొరికినట్టే.

దారులు ఎంచుకునే ముందు ఒక ప్రశ్న తేల్చుకోవాలి. ఇది మందు పనా, జబ్బు మిగిలి ఉండటమా? కుంగుబాటులోనూ దేని మీదా ఆసక్తి ఉండదు. నేను వాడిన కొలత ఇది: బాధ అలాగే ఉండి సంతోషం మాత్రమే రాకపోతే అనుమానం జబ్బు మీదికి వెళ్లాలి, బాధా సంతోషమూ రెండూ ఒకే మట్టానికి చదునైపోతే మందు మీదికి. ఎప్పుడు మొదలైందన్నది కూడా చూసుకోవాలి. నాకు ఏడుపు తగ్గిన రెండు నెలల తర్వాత మొదలైంది. ఈ తేడా తేల్చకుండా డోసు తగ్గిస్తే, నిజానికి పెంచాల్సిన మందును తగ్గించినట్టవుతుంది.

ఇంకొకటి, మన దగ్గర మరీ ముఖ్యమైనది. మాత్రల షీటు తిప్పి వెనక సన్న అక్షరాలు చదవండి. ఎస్సిటాలోప్రామ్‌తో పాటు గాభరా తగ్గించే క్లోనాజెపామ్ కూడా కలిపిన మాత్రలు ఇక్కడ విరివిగా రాస్తారు. మగత, మతిమరుపు, తల మందగించడం ఉన్నాయంటే నేరం ఆ రెండో మందుది కావచ్చు. మా స్కూల్లో ఒక సహోద్యోగిని ఏడాదిగా అదే వాడుతూ, తాను వేసుకునేది ఒకే మందు అనుకుంది. అలాంటి మాత్రను సొంతంగా సగం చేస్తే రెండు మందులూ సగమవుతాయి. క్లోనాజెపామ్ ఉన్నట్టుండి ఆపితే మూర్ఛ (ఫిట్స్) వచ్చే ప్రమాదమూ ఉంది. షీటు చదవడం వరకే మన పని, విరవడం కాదు.

ఇక ఓర్చుకోవడం. మొదటి రెండు మూడు వారాల్లో ఇదే ఉత్తమం. వికారం, గాభరా, నిద్ర చెడటం సాధారణంగా ఆ లోపు సర్దుకుంటాయి, మందు మేలు తెలియడానికీ అంతే సమయం పడుతుంది. పొద్దుటి మాత్ర రాత్రికో, రాత్రి మాత్ర పొద్దుటికో మారిస్తే కొన్ని తగ్గుతాయి. అది డాక్టరును ఫోనులో అడిగినా తేలే విషయం. కానీ ఏడో నెలలో ఉన్న మొద్దుతనం ఎనిమిదో నెలలో తనంతట తాను పోతుందని ఎదురుచూడటం నాకు ఓర్పుగా అనిపించలేదు. అది మొహమాటం. డాక్టరు గది బయట నలభై మంది వేచి ఉంటారు, లోపల మనకు దక్కేది ఐదు నిమిషాలు. "ఎలా ఉన్నారమ్మా?" "బాగానే ఉన్నానండీ." అంతే, మళ్లీ మూడు నెలలకు మందులు రాసేస్తారు. నేను రెండుసార్లు అలాగే బయటికొచ్చాను.

దీనికి సరిగ్గా ఎదురు కొసన ఉన్నది ఒక్కసారిగా మానేయడం. చెప్పకుండా చేసేవాళ్లు చాలామంది, ఒకసారి నేనూ చేశాను. మూడో రోజుకల్లా తల తిప్పితే లోపల కరెంటు తీగ తగిలినట్టు జిల్లుమనేది. కళ్లు తిరగడం, పీడకలలు, అకారణంగా చిరాకు. జబ్బు తిరగబెట్టిందని హడలిపోయాను. నిజానికి జబ్బు అంత తొందరగా రాదు. తిరగబెట్టడానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. మందు ఆగినందుకు వచ్చే బాధలు రోజుల్లోనే మొదలవుతాయి, ఈ జిల్లుమనడం వాటి గుర్తే. ఏ మందు ఒంట్లోంచి ఎంత వేగంగా పోతుందన్నదాన్ని బట్టి తీవ్రత మారుతుంది. కుంగుబాటు మందుల్లో పరాక్సిటిన్, వెన్‌లాఫాక్సిన్ త్వరగా పోతాయి కాబట్టి వాటి దెబ్బ గట్టిది. ఫ్లుయోక్సెటిన్ వారాల తరబడి నిదానంగా దిగుతుంది.

డోసు తగ్గించడమే మొద్దుతనానికి మొదట ప్రయత్నించదగ్గ దారి అని నా అభిప్రాయం. రెండు షరతులున్నాయి: జబ్బు అణిగి కొన్ని నెలలై ఉండాలి, రాసిన డాక్టరే తగ్గించాలి. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించాలన్నది సాధారణంగా పాటించే నియమం, అందుకే నాలుగో నెలలో అడిగి ఉంటే నాకు కాదనే జవాబు వచ్చేది. ఈ దారి మీద నాకు నమ్మకం కుదిరింది ఒక లెక్క వల్ల. ఈ మందులు మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని తిరిగి లోపలికి లాగే ద్వారాలను మూసేస్తాయి. మామూలు చికిత్స డోసులోనే దాదాపు 80 శాతం మూసుకుపోతాయి. ఆపైన డోసు రెట్టింపు చేసినా మూతపడేవి కొద్దిగానే పెరుగుతాయి. కింది నుంచి చూస్తే ఇదే లెక్క తలకిందులు: 20 నుంచి 10కి దిగడం చిన్న మెట్టు, 5 నుంచి సున్నాకు దిగడం పెద్ద గెంతు. కాబట్టి పైనుంచి కొంత తగ్గించినా కుంగుబాటుకు అడ్డుకట్ట చాలావరకు నిలిచే అవకాశం ఉంటుంది. పూర్తిగా మానే దశలో మాత్రం చివరి మెట్లను ఇంకా చిన్నవి చేసుకోవాలి.

మందు మార్చడం దీని తర్వాతి మాట. అదే కుటుంబంలో ఒకదాని బదులు ఇంకొకటి, అంటే ఎస్సిటాలోప్రామ్ బదులు సెర్ట్రాలిన్ లాంటిది, మొద్దుతనం విషయంలో ఎక్కిన బస్సు దిగి అదే ఊరికి మరో బస్సు ఎక్కడం లాంటిదని నాకు అనిపిస్తుంది. కొందరికి సీటు బాగా దొరుకుతుంది, అది వేరే సంగతి. దారే వేరు కావాలంటే బ్యూప్రోపియాన్, వోర్టియోక్సెటిన్, మిర్టాజపిన్ లాంటివి ఉన్నాయి. మిర్టాజపిన్ ఆకలినీ నిద్రనూ పెంచుతుంది. బక్కచిక్కి నిద్రపట్టనివారికి అది వరం, నాలాంటి వాళ్లకు కాదు. బ్యూప్రోపియాన్ చురుకునిస్తుంది గానీ గాభరా పెంచవచ్చు, మూర్ఛ ఉన్నవారికి పనికిరాదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, మార్చడమంటే పనిచేస్తున్నదాన్ని వదిలి పనిచేస్తుందో లేదో తెలియని దానికోసం మళ్లీ ఆరు వారాలు ఎదురుచూడటం. డోసు తగ్గించి చూసి, ఫలితం లేకపోతే అప్పుడు ఈ దారి పట్టడం న్యాయం.

ఉన్నదానికి మరొకటి చేర్చడం నాకు నచ్చదు. కొందరికి అవసరమే, కాదనను. కానీ మా నాన్నగారి బీపీ మాత్రకు కాళ్లవాపు, వాపుకు ఇంకో మాత్ర, ఆ మాత్రకు నీరసం చూసి పెరిగినదాన్ని.

ఈ వరుస అంతా మొద్దుతనానికే. అన్ని బాధలకూ దీన్నే తగిలిస్తే ప్రమాదం. భ్రమలు, లేని గొంతులు వినిపించడం లాంటి జబ్బులకు వాడే రిస్పెరిడోన్, హాలోపెరిడాల్, అరిపిప్రజోల్ లాంటి మందులతో కొందరు ఒకచోట కూర్చోలేరు. లోపలినుంచి ఎవరో తరుముతున్నట్టు ఇల్లంతా తిరుగుతుంటారు. ఇంట్లోవాళ్లు పిచ్చి ముదిరిందనుకుంటారు. అది మందు తెచ్చిన అశాంతి, ఓర్చుకోమనడం అన్యాయం. డోసు తగ్గించో, గుండెదడ తగ్గించే ప్రొప్రనొలాల్ లాంటిది ఇచ్చో డాక్టరు దాన్ని అదుపు చేయగలరు. మనసు ఉప్పొంగడం, కుంగిపోవడం మారిమారి వచ్చే బైపోలార్ జబ్బుకు లిథియం వాడేవారికి తల మందగించి చేతులు వణుకుతుంటే మొదట రక్తపరీక్ష చేయించాలి. మన మే నెల ఎండల్లో చెమటతో నీరూ ఉప్పూ పోయినా, ఒళ్లునొప్పులకు ఐబుప్రోఫెన్ వేసుకున్నా రక్తంలో లిథియం పెరుగుతుంది. పెద్దవయసు వారిలో కుంగుబాటు మందు మొదలయ్యాక తికమక మొదలైతే సోడియం పరీక్ష చేయించాలి. పాతికేళ్ల లోపు వారికి కుంగుబాటు మందు మొదలుపెట్టినప్పుడు, డోసు మార్చినప్పుడు చావు ఆలోచనలు పెరిగే ప్రమాదం గురించి హెచ్చరిక ఉంది. ఏ వయసులో అలాంటి ఆలోచన వచ్చినా మర్నాటి దాకా ఆగకూడదు. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోను నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు.

మూడోసారి వెళ్లినప్పుడు నోటితో చెప్పలేనని ఒక పాత మార్కుల రిజిస్టరు తీసుకెళ్లాను. నాలుగు వారాలు, రోజుకు నాలుగు గడులు: నిద్ర, ఏడుపు, కోపం, నవ్వు, ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులని. ఏడుపుకు అన్నీ సున్నాలు, కోపానికీ నవ్వుకీ కూడా దాదాపు సున్నాలే. డాక్టరుగారు పేజీలు తిప్పి, "ఇది ముందే చూపించాల్సిందమ్మా" అన్నారు. రెండు నెలల మీద మెల్లగా 5కి దించారు.

కోపం ముందు తిరిగొచ్చింది, మా ఆయన మీదే. నవ్వుకు ఇంకో నెల పట్టింది. ఏడుపు గడిలో మధ్యమధ్య ఒకటో రెండో పడుతోంది. అది మూడు దాటితే ఫోను చేయమన్నారు డాక్టరుగారు. 5 నుంచి సున్నా సంగతి పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ అయ్యాక చూద్దామన్నది నా మాటే, ఆయన కాదనలేదు. ఆ రోజుల్లో ఎండలో రోజుకు నలభై పేపర్లు దిద్దుతూ ఆ చివరి మెట్టు దిగే సాహసం నేను చేయను.