ప్రిములా ఫారినోసా విత్తనాల ప్యాకెట్: విత్తనం మేలైనది, సూచనలు కావు

ఐరోపా పర్వతాల ఎగువ పచ్చికబయళ్లలోనూ, ఊటనీరు చేరే చిత్తడి నేలల్లోనూ సహజంగా పెరిగే చిన్న పూలమొక్క ప్రిములా ఫారినోసా విత్తనాలను ఒక చిన్న విత్తన సంస్థ నుంచి తెప్పించుకున్నాను. దుమ్ములా సన్నగా ఉండే ఆ విత్తనాలను మడిచిన నున్నని కాగితంలో పెట్టి, గాలి చొరబడని సంచిలో పంపారు. అన్నిటికంటే మెచ్చుకోదగినది, కోత సంవత్సరాన్ని స్పష్టంగా ముద్రించడం. పాతబడే కొద్దీ ఈ జాతి విత్తనాలలో మొలకశక్తి తగ్గిపోతుంది కాబట్టి కొనేవారికి ఆ ఒక్క వివరం ఎంతో విలువైనది.

అయితే ప్యాకెట్ వెనుక ఉన్న సూచనలను యథాతథంగా పాటిస్తే అంత మంచి విత్తనమూ వృథా అవుతుంది. విత్తనాలపై మందంగా మట్టి కప్పమని అందులో రాశారు. నిజానికి వీటికి మొలకెత్తడానికి వెలుతురు కావాలి కాబట్టి తడి మట్టిపై చల్లి, వేలితో మెల్లగా అదిమి వదిలేయాలి. చలి అవసరం గురించి ఒక్క మాటైనా లేదు. మంచు కింద శీతాకాలం గడిపే మొక్క కాబట్టి, తడిపిన విత్తనాలను కొన్ని వారాలపాటు ఫ్రిజ్‌లో 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, ఆ తరువాత చల్లని వెలుతురులోకి తేవాలి. ఈ పద్ధతిలో సగానికి పైగా విత్తనాలు మొలిచాయి.

ఇంతకంటే పెద్ద లోపం మట్టికి సంబంధించినది. చిత్తడి మొక్క కాబట్టి ఆమ్లగుణం గల పీట్ (చిత్తడి నేలల్లో మొక్కలు సగం కుళ్లి ఏర్పడే మట్టి) మాత్రమే వాడమన్నారు. చిత్తడి నేలలన్నీ ఒక్కలాంటివి కావు. ఉత్తర ఇంగ్లాండ్‌లోని అప్పర్ టీస్‌డేల్‌లో ఈ మొక్క సున్నపురాతి నేలలలో, సున్నం కరిగిన నీరు నెమ్మదిగా పారే చోట పెరుగుతుంది. అందువల్ల సున్నపురాతి నలుసులు కలిపిన, తేమ నిలుపుకొంటూనే నీరు కదిలే మట్టి దీనికి సరిపోతుంది.

ముఖచిత్రంలోని పూవును బాగా పెద్దది చేసి చూపారు. అసలు పూవు వెడల్పు ఇంచుమించు ఒక సెంటీమీటరు; కాడ సాధారణంగా 20 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. పసుపు కన్నుగల ఆ లేత గులాబీ పూల గుత్తి, ఆకుల అడుగున అంటుకొని ఉండే తెల్లని పొడి దగ్గరగా చూసేవారికే అందుతాయి. దూరం నుంచి తోట నిండుగా కనిపించాలనుకునేవారికి ఇది తగదు. వేసవి రాత్రులు చల్లబడని చోట్ల ఉన్నవారు కూడా దీన్ని కొనకపోవడమే మంచిది. చలికాలంలో ఆకులన్నీ ఎండిపోయి నేలమట్టంలో చిన్న మొగ్గ మాత్రమే మిగులుతుందని చెప్పకపోవడం వల్ల, బతికున్న మొక్కను చచ్చిందనుకొని పారేసేవారూ ఉండవచ్చు.

కుండీ మొక్క ఒక్కటి కొనడం కంటే ఈ ప్యాకెట్టే నయం. ఈ జాతిలో కొన్ని మొక్కల పూలకు కీలం (పూవు మధ్యలో అండాశయం మీద నిలిచే సన్నని కాడ) పొడవుగా, మరికొన్నిటికి పొట్టిగా ఉంటుంది; ప్రిములాలలోని ఈ రెండు రూపాలపై డార్విన్ 1862లోనే పరిశోధన పత్రం ప్రచురించాడు. ఒక రూపం పుప్పొడి రెండో రూపానికి చేరినప్పుడే విత్తనం బాగా కడుతుంది. విత్తనాల నుంచి పెంచిన గుంపులో సాధారణంగా రెండు రూపాలూ వస్తాయి. ఎక్కువ ఏళ్లు బతకని ఈ మొక్కకు మరుసటి తరం విత్తనాన్ని మళ్లీ కొనకుండానే సేకరించుకోవచ్చు.