శ్రీలంకలో మనోళ్లా, నార్వే వాళ్లా?
మొన్న టీ నగర్ మెస్‌లో తింటుంటే మా తమ్ముడు అడిగాడు, అన్నా శ్రీలంకలో ఎవరు బెటర్‌గా చేశారు, మన శాంతి సేన ఐపీకేఎఫ్ వాళ్లా, మధ్యవర్తులుగా వచ్చిన నార్వే వాళ్లా అని. పక్క టేబుల్ తమిళ పెద్దాయన కలుపుతున్న చెయ్యి ఆపి మావైపు చూశాడు, చెన్నైలో ఈ టాపిక్ అంటే అంతే మరి.

మనోళ్లు 1987 జూలైలో భారత్-శ్రీలంక ఒప్పందం అయ్యాక, తమిళుల ప్రత్యేక దేశం కోసం పోరాడుతున్న టైగర్ల (ఎల్టీటీఈ) దగ్గర ఆయుధాలు తీసుకోడానికని వెళ్లి అక్టోబర్‌కల్లా వాళ్లతోనే యుద్ధంలో పడ్డారు, వెయ్యికి పైగా జవాన్లు పోయారు, జాఫ్నాలో మామూలు జనం కూడా చచ్చిపోయారు, 1990 మార్చిలో మద్రాసులో ఓడ దిగితే అప్పటి సీఎం కరుణానిధి స్వాగతానికే వెళ్లలేదు.

నార్వే రూటు వేరు. 2002 ఫిబ్రవరిలో శ్రీలంక ప్రభుత్వానికీ టైగర్లకీ మధ్య కాల్పుల విరమణ, తుపాకుల్లేని నార్డిక్ పరిశీలకులు, ఎవరు ఉల్లంఘించారో రాసుకోవడమే పని, ఆపే పవర్ లేదు. అయినా కొన్నేళ్లు జనం ఊపిరి పీల్చుకున్నారు, అదేం చిన్న విషయం కాదు. 2006లో ఈయూ (యూరోపియన్ యూనియన్) టైగర్లని టెర్రరిస్టు లిస్టులో పెట్టేసరికి అందులో ఉన్న స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ పరిశీలకులు మూటాముల్లె సర్దుకోవాల్సొచ్చింది, 2008 జనవరికి ఒప్పందమే పోయింది.

నాకైతే నార్వేనే నయం, కనీసం వాళ్లు తుపాకీ పట్టి ఓ పక్షం అవ్వలేదు. మావాడు వదిలితేనా, శ్రీలంక రాజ్యాంగానికి 13వ సవరణ, ప్రాంతాలకి సొంత పాలనిచ్చే ప్రొవిన్షియల్ కౌన్సిళ్లు వచ్చింది 87 ఒప్పందం వల్లే కదా అన్నాడు. అదీ నిజమే. పెద్దాయన మాత్రం రసం పోయించుకుని ఏం మాట్లాడకుండా తినేసి లేచాడు.