చవక రీలోడింగ్ ప్రెస్‌లలో ఏది మేలు? వెయ్యి తూటాలకు ఎన్నిసార్లు హ్యాండిల్ లాగాలో చూడండి

మొన్న శనివారం మా బావమరిది ఆస్టిన్ నుంచి ఫోన్ చేశాడు. "బావా, ఆరు స్టేషన్ల ప్రోగ్రెసివ్ ప్రెస్ ఒకటి సేల్‌లో ఉంది. కొనేయనా?" వాడికి షూటింగ్ రేంజ్ పిచ్చి పట్టి ఏడాది కూడా కాలేదు. "నెలకు ఎన్ని కాలుస్తున్నావు?" అన్నాను. కాసేపు లెక్కేసుకుని "రెండొందలు, పోటీ ఉంటే ఇంకో నూటయాభై" అన్నాడు. "అయితే వద్దు" అన్నాను. ఎందుకు వద్దో చెప్పేలోపు వాడికి ఆఫీసు కాల్ వచ్చింది. ఆ మిగిలిన మాటే ఇది.

ఇదంతా అమెరికాలో సొంత వాడకానికి తూటాలు రీలోడ్ చేసుకునేవాళ్ల, అంటే కాల్చేసిన తూటా తొడుగుల్ని మళ్లీ నింపుకునేవాళ్ల సంగతి. సొంతానికైతే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మాలంటే మాత్రం కావాలి. ఇంకో ముఖ్యమైన విషయం మన వాళ్లలో చాలామందికి తెలియదు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీనే కాదు, తూటాను దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ చట్టం కింద నేరమే. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. ఇక ఇండియాలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం కాబట్టి అక్కడ ఆ ఊసే వద్దు.

సరే, ప్రెస్ చేసే పని ఏమిటి? కాల్చాక మిగిలిన ఇత్తడి తొడుగును, అంటే మేమందరం బ్రాస్ అనేదాన్ని, మళ్లీ పాత కొలతకు నొక్కుతుంది. తుపాకీ మందును అంటించే చిన్న గిన్నె లాంటి ప్రైమర్ అడుగున కాలిపోయి ఉంటుంది, దాన్ని తోసేసి కొత్తది పెడుతుంది. నోరు కొంచెం వెడల్పు చేసి మందు పోస్తుంది. పైన బుల్లెట్, అంటే దూసుకెళ్లే ముక్కను, కూర్చోబెట్టి అంచు బిగిస్తుంది. అన్ని ప్రెస్‌లూ చేసేది ఇదే, ఎంత వేగంగా చేస్తాయన్నదే తేడా.

సింగిల్ స్టేజ్ ప్రెస్‌లో ఒకసారికి ఒకే డై, అంటే బ్రాస్ మీద ఒక పని చేసే అచ్చు, పడుతుంది. ఇంట్లో ఒక్కరే పూరీలు చేస్తున్నట్టన్నమాట. ముందు పిండంతా ఉండలు చేసి, తర్వాత అన్నీ వత్తి, ఆ తర్వాత మూకుడు దగ్గరికి వెళ్లాలి. వంద బ్రాస్‌ని సైజు చేసి, డై మార్చి, మళ్లీ ఆ వందనీ చేతిలోకి తీసుకోవాలి. ఆర్‌సీబీఎస్ వాళ్ల రాక్ చకర్ లాంటిది ఒకటి కొంటే మీ పిల్లలకు కూడా పనికొస్తుంది, అంత గట్టిది. కానీ గంటకు యాభై, అరవై తూటాలకు మించి రావు. రైఫిల్ తూటాలు ఒక్కొక్కటీ తూచి చేసుకునేవాళ్లకు ఇది బంగారం. పిస్టల్‌కి వందలకొద్దీ కావాలనుకునేవాళ్లకు రెండో నెలకే విసుగొస్తుంది.

టరెట్ ప్రెస్‌లో డైలన్నీ ఒక గుండ్రటి పళ్లెంలో ముందే బిగించి ఉంటాయి. నా బెంచీ మీద ఉన్నది లీ కంపెనీ క్లాసిక్ టరెట్. పళ్లెంలో నాలుగు రంధ్రాలు, మధ్యలో మెలితిరిగిన చదరపు కడ్డీ. హ్యాండిల్ లాగి వదిలిన ప్రతిసారీ ఆ కడ్డీ పళ్లేన్ని పావు చుట్టు తిప్పుతుంది. బ్రాస్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నాలుగు లాగుళ్లకు ఒక తూటా పూర్తి. ఆ కడ్డీ తీసేస్తే అదే సింగిల్ స్టేజ్ ప్రెస్ అవుతుంది. నేను మొదటి నెలంతా అలాగే వాడాను. ఒక జాగ్రత్త ఉంది. హ్యాండిల్‌ను సగంలో ఆపి వెనక్కి తిప్పకూడదు, లోపలి చిన్న ప్లాస్టిక్ ముక్క అరిగిపోతుంది. అది కొద్ది డబ్బులకే దొరుకుతుంది, ఒకటి స్పేర్‌గా పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ప్రోగ్రెసివ్‌లో డైలు కదలవు, కింద షెల్ ప్లేటు తిరుగుతుంది. పూరీలకి నలుగురు వరసగా కూర్చున్నట్టు, ప్రతి స్టేషన్‌లో ఒక బ్రాస్ మీద ఒక పని ఏకకాలంలో జరుగుతుంది. ఒక లాగుకు ఒక తూటా.

ఇప్పుడు లెక్క చూడండి. వెయ్యి తూటాలకు టరెట్‌లో నాలుగు వేల లాగుళ్లు, ప్రోగ్రెసివ్‌లో వెయ్యి. లాగుకు ఆరు సెకన్లనుకుంటే టరెట్ మీద గంటకు నూటయాభై వస్తాయి. మా వాడికి నెలకు కావలసిన మూడొందల యాభై తూటాలకు రెండున్నర గంటలు చాలు. నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం. అదే ప్రోగ్రెసివ్ మీద గంటలోపే అయిపోతుంది. మిగిలేది గంటన్నర. దాని కోసం ఎంత ఖర్చు, ఎంత తలనొప్పి అన్నదే అసలు ప్రశ్న.

చవక ప్రోగ్రెసివ్‌లు ఉన్నాయి. లీ ప్రో 1000 మూడు స్టేషన్లది, ధరలో టరెట్‌కు మరీ దూరం కాదు. బ్రాండు ఏదైనా సరే, ప్రోగ్రెసివ్‌లలో ఎక్కువగా మొరాయించేది ప్రైమర్‌ను అందించే భాగమే. ఒక ప్రైమర్ అడ్డం తిరిగిందంటే పని మొత్తం ఆగుతుంది. ఓపికగా విప్పి, తుడిచి, సర్దుకునే నేర్పు ఉన్నవాళ్లు వీటి మీద ఏళ్లకేళ్లు హాయిగా చేసుకుంటున్నారు. అది లేనివాళ్లకు ఆదా అయిన డాలర్లు మరమ్మతు గంటలుగా తిరిగొస్తాయి.

అసలు చిక్కు ఒకదాన్ని కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. రేంజ్‌లో ఏరుకున్న 9 ఎంఎం పిస్టల్ బ్రాస్‌లో మిలిటరీ సరుకు కలుస్తుంది. అడుగున చిన్న వృత్తంలో ప్లస్ గుర్తు ఉంటుంది, అది నాటో ముద్ర. వాటిలో ప్రైమర్ ఊడిపోకుండా అంచు నొక్కి ఉంటుంది కాబట్టి, ఆ అంచు తీసేయకపోతే కొత్త ప్రైమర్ లోపలికి దిగదు. హ్యాండిల్ మధ్యలో ఠక్కున ఆగిపోతుంది. టరెట్ మీదైతే ఆ ఒక్క బ్రాస్ తీసి పక్కన పడేస్తే సరి. ప్రోగ్రెసివ్ మీదైతే అదే క్షణంలో ఇంకో మూడు నాలుగు బ్రాస్‌లు ప్లేటు మీద ఉంటాయి. ఒకదాంట్లో మందు పడింది, ఒకదాంట్లో సగం పడిందేమో, ఒకదాని మీద బుల్లెట్ ఒరిగి ఉంది. మొదటి తప్పును సరిచేసే కంగారులోనే రెండో తప్పు జరుగుతుంది.

నాకు జరిగింది కూడా. స్నేహితుడి దగ్గర తెచ్చిన, ప్లేటును చేత్తో తిప్పుకునే ప్రెస్ మీద చేస్తున్నాను. మా అబ్బాయి వచ్చి సైకిల్ ట్యూబు గురించి ఏదో అడిగాడు. తిరిగి చూస్తే ప్లేటు తిప్పానో లేదో గుర్తు లేదు. అనుమానం వచ్చి మందు స్టేషన్‌లో ఉన్న బ్రాస్‌ను తీసి త్రాసులో పోస్తే సరిగ్గా రెట్టింపు. అది కాల్చి ఉంటే పిస్టల్ చేతిలోనే పగిలేదేమో. తప్పు ప్రెస్‌ది కాదు, మాట్లాడుతూ చేసిన నాది. అసలు మందు పడకపోవడమూ అంతే ప్రమాదం. ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్ గొట్టంలో ఇరుక్కుంటుంది, చూసుకోకుండా ఇంకోటి కాలిస్తే అంతే సంగతులు. అప్పటి నుంచి బెంచీ మీద లైటు సూటిగా బ్రాస్ లోపలికి పడేలా పెట్టుకున్నాను. కంటితో మందు చూడందే బుల్లెట్ పెట్టను. ఎంత మందు పోయాలన్నది తయారీదారుల లోడ్ పుస్తకం చూసే నిర్ణయించుకోవాలి, పక్క షూటర్ నోటి మాట మీద ఎప్పుడూ కాదు.

ఇక ఖరీదైనవాటి మాట. డిల్లన్ కంపెనీ ప్రోగ్రెసివ్ 550 నాలుగు స్టేషన్లది, ప్లేటు చేత్తో తిప్పాలి. 750కి ఐదు స్టేషన్లు, అదే తిరుగుతుంది. హోర్నడీ లాక్ ఎన్ లోడ్ ఏపీ కూడా ఐదు స్టేషన్లతో తనంతట తాను తిరిగేదే. ఐదో స్టేషన్ ఉంటే మందు మట్టం తప్పితే హెచ్చరించే డై పెట్టుకోవచ్చు, నాకు ఆ ఒక్క కారణం చాలు. డిల్లన్ 550 ధర నా టరెట్‌కు సుమారు మూడింతలు. పైగా ఇంకో క్యాలిబర్, అంటే ఇంకో సైజు తూటా, కావాలంటే షెల్ ప్లేటు, మందు గరాటు, డైలు బిగించే టూల్ హెడ్ అన్నీ విడిగా కొనాలి. నా టరెట్‌లో అయితే పళ్లెం ఎత్తి ఇంకో పళ్లెం పెడితే నిమిషంలో పని. మరోపక్క డిల్లన్ హాబీ ప్రెస్‌లకు జీవితకాల వారంటీ ఉంది, సెకండ్ హ్యాండ్‌లోనూ ధర పెద్దగా పడిపోదు. లీ గ్యారంటీ రెండేళ్లే.

కాబట్టి నా మాట ఇది. నెలకు ఐదొందల లోపు, రెండు మూడు క్యాలిబర్లు అంటే నాలుగు రంధ్రాల టరెట్. నెలకు వెయ్యి దాటితే, అదీ ఒకే క్యాలిబర్ అయితే, చవక ప్రోగ్రెసివ్ దగ్గర ఆగకుండా సెకండ్ హ్యాండ్ 550గానీ కొత్త 750గానీ చూడండి. మధ్యలో ఉన్నవాళ్లు టరెట్‌తో మొదలుపెట్టి, చేతులు నొప్పి పుట్టాక మారొచ్చు. అప్పుడు కూడా టరెట్ అమ్మక్కర్లేదు, .38 స్పెషల్ లాంటి రివాల్వర్ తూటాలు దాని మీదే లాగించుకోవచ్చు.

డబ్బు మిగుల్తుందా అంటే, 9 ఎంఎంలో మిగిలేది తక్కువే. రీలోడ్ చేసుకోగలిగే పిస్టల్ తూటాల్లో ఫ్యాక్టరీవి కొన్నా చవకగా దొరికేది అదే. .45 ఏసీపీ, .357 మాగ్నమ్ లాంటి పెద్ద తూటాలు కాల్చేవాళ్లకు తేడా బాగా కనిపిస్తుంది. 2020లో కరోనా వచ్చాక ప్రైమర్లే కరువయ్యాయి. అప్పుడు ఎవరి ప్రెస్ ఎంత వేగమైనదైనా బెంచీ మీద దుమ్ము పట్టింది. అందుకే ప్రెస్‌కి పెట్టే బడ్జెట్‌లో కొంత ప్రైమర్లకు, ఒక మంచి త్రాసుకు వదలమంటాను.

మా వాడు సాయంత్రం మళ్లీ ఫోన్ చేశాడు. సేల్ ఆదివారం రాత్రితో అయిపోతుందట. "ముందు నీ దగ్గర బ్రాస్ ఎంతుంది?" అన్నాను. ఇన్నాళ్లూ కాల్చిందంతా రేంజ్‌లోనే వదిలేసి వస్తున్నాడట. ఈసారి వెళ్లేటప్పుడు ఒక ఖాళీ పెయింట్ బకెట్ తీసుకెళ్లమన్నాను.