పిండి వేడెక్కని గ్రైండరు, సాగిపోయిన బెల్టు: నాలుగేళ్ళ వాడకం తరువాత

విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటికి ఈ రెండు లీటర్ల టేబుల్‌టాప్ గ్రైండరు 2021 జనవరిలో, సంక్రాంతికి వారం ముందు వచ్చింది. ఇంట్లో ఐదుగురం ఉంటాము. వారానికి కనీసం మూడుసార్లు దీనిలో మినప్పప్పు రుబ్బుతూనే ఉన్నాను. రంగులు, వారంటీ, దానితో పాటు ఇచ్చే కొబ్బరి కోరు, చపాతీ పిండి కలిపే పలక వంటివన్నీ దుకాణంలో ఎవరైనా చెబుతారు కనుక వాటి జోలికి వెళ్ళను. ఆ రెండు అదనపు పరికరాలను నాలుగేళ్ళలో రెండుసార్ల కంటే ఎక్కువ బయటకు తీయలేదు. నన్ను ఈ యంత్రానికి కట్టిపడేసినది ఒకే ఒక్క గుణం: ఇందులో రుబ్బిన పిండి వేడెక్కదు.

మే నెలలో మా వంటింట్లో పంపు నీళ్ళే గోరువెచ్చగా వస్తాయి. ఆ నీళ్ళు పోసి మిక్సీలో పప్పు వేస్తే, నిమిషానికి వేలసార్లు తిరిగే బ్లేడు ఒరిపిడికి పిండి ఇంకా వేడెక్కి, మిక్సీ జార్ మూత తీసేసరికి ఆవిరి వాసన కొట్టేది. అలాంటి పిండితో కలిపిన ఇడ్లీ తెల్లవారేసరికి పులిసిపోయి, పొంగు మాత్రం నిలవక అడుగుకు దిగిపోయేది. ఐసు ముక్కలు వేసి చూశాను, నాలుగు విడతలుగా ఆపి ఆపి వేసి చూశాను, నానబెట్టిన పప్పును గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి మరీ వేసి చూశాను. కొంత మెరుగే గాని, పూర్తి గుణం కనిపించలేదు. గ్రైండరులో డ్రమ్ము నెమ్మదిగా తిరుగుతుంది, దాని అడుగున ఉన్న రాతిపలక మీద శంకువు ఆకారపు రాళ్ళు దొర్లుతాయి. పప్పు కోతకు గురికాకుండా నలుగుతుంది. నలుగుతున్నంతసేపూ మినప్పప్పు జిగురు గాలిని పట్టుకుంటూ ఉంటుంది కనుక, అరగంట తరువాత పిండి మొదటి కొలతకు ఎన్నో రెట్లు పెరిగి, చేత్తో తీస్తే నురగలా తేలికగా ఉంటుంది. చిటికెడు పిండిని గ్లాసు నీళ్ళలో వేస్తే తేలాలి. మొదటిరోజు అది తేలినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

అరగంట తిరిగితే కరెంటు బిల్లు పెరుగుతుందని మావారు మొదట్లో సందేహించారు. దీని మోటారు 150 వాట్లది, మా మిక్సీది 750 వాట్లది. గ్రైండరు అరగంటకు 75 వాట్‌అవర్లు, మిక్సీ ఆగి ఆగి తిరిగిన 8 నిమిషాలకు 100 వాట్‌అవర్లు అవుతాయి. అట్టమీద రాసిన అంకెలతో వేసిన లెక్క కనుక నిజంగా ఖర్చయ్యేది కొంత అటూ ఇటూ కావచ్చు గాని, భయపడవలసిన తేడా ఏదీ లేదు.

మొదటి ఏడాది ఎవరు అడిగినా, ఇక మిక్సీ అవసరమే లేదని చెప్పేదానిని. ఇప్పుడు అంత మాట చెప్పను. గోంగూర పచ్చడికి, కొబ్బరి పచ్చడికి, ఇద్దరికి సరిపోయే పెసరట్టు పిండికి నేటికీ మిక్సీనే తీస్తున్నాను. కారణం పరిమాణం. ఈ గ్రైండర్లకు పుట్టినిల్లు కోయంబత్తూరు. అక్కడి వెట్ గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. తమిళ ఇళ్ళలో ఇడ్లీకి ఉప్పుడు బియ్యాన్నీ పప్పునూ రెండింటినీ రుబ్బుతారు కనుక డ్రమ్ము నిండుతుంది. మన ఇళ్ళలో ఇడ్లీ రవ్వ కడిగి కలిపేస్తాము, రుబ్బేది పప్పు ఒక్కటే. ఒక గ్లాసు పప్పు వేస్తే రాళ్ళకు అందకుండా డ్రమ్ము గోడలకు అంటుకుని కూర్చుంటుంది, పక్కన నిలబడి గరిటెతో తోస్తూ ఉండాలి. రెండు గ్లాసులకు తగ్గితే దీనిని ఎత్తి పెట్టిన శ్రమ, తరువాత రాళ్ళు కడిగే శ్రమ రెండూ దండగే.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇది నిరుడు మా అత్తగారి ఆబ్దికం నాడు జరిగింది. ఆబ్దికానికి గారెలు తప్పనిసరి, వాటికి పిండి గట్టిగా ఉండాలి. తెల్లవారుజామున ఐదింటికి స్నానం చేసి, మూడు గ్లాసుల పప్పును నీళ్ళు వంపి ఒకేసారి డ్రమ్ములో వేశాను. పది నిమిషాలు తిరిగాక చప్పుడు మారింది. డ్రమ్ము ఒక్కొక్క కుదుపుతో తిరిగి, చివరకు ఆగిపోయింది. అడుగు నుంచి కాలిన రబ్బరు వాసన వచ్చింది. స్విచ్చి ఆపి, సగం నలిగిన పప్పును చేత్తో తోడి మిక్సీలోకి మార్చాను. గట్టి పిండికి మిక్సీ బ్లేడు తిరగక నీళ్ళు పోయవలసి వచ్చింది, నీళ్ళు పోయడంతో పిండి జారుగా అయింది, ఆ గారెలు నూనె పీల్చి బరువుగా వచ్చాయి. భోక్తలు ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆరోజు ఆమెకు సరిగా పెట్టలేదన్న బాధ మిగిలిపోయింది. ఆమె ఇష్టంగా తినేది గారెలే.

ఆరోజు గుంటూరు నుంచి మా మరిది వచ్చాడు. చాలాకాలం రైసు మిల్లులో పనిచేసినవాడు. భోజనాలయ్యాక ఖాళీ డ్రమ్ముతో స్విచ్చి వేసి, చెవి దగ్గర పెట్టి విని, "వదినా, మోటారు చక్కగా తిరుగుతోంది, డ్రమ్ముకే బలం అందడం లేదు. మోటారు మార్చాలని ఎవరన్నా చెబితే ఒప్పుకోకండి, ముందు బెల్టు చూపించుకోండి" అన్నాడు. ఆ మాటే నాకు అక్కరకు వచ్చింది. మర్నాడు సర్వీసు వారికి ఫోను చేస్తే ఇంటికి మనిషి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, వచ్చిన అతను పెట్టె తెరవకుండానే మోటారు మార్చాలన్నాడు. నేను ఒప్పుకోలేదు.

మరిది మళ్ళీ వచ్చినప్పుడు ఇద్దరం కలిసి గ్రైండరును పక్కకు వాల్చి, ప్లగ్గు తీసి, అడుగు పలక మరలు విప్పాము. మోటారు చక్రానికీ డ్రమ్ము చక్రానికీ మధ్య ఒకే ఒక్క రబ్బరు బెల్టు ఉంది. సాగి వదులైపోయి, లోపలి వైపు అద్దంలా నునుపు తేలి ఉంది. మోటారును బిగించిన బోల్టుల రంధ్రాలు గుండ్రంగా కాకుండా పొడవుగా ఉన్నాయి. బోల్టులు వదులు చేసి మోటారును వెనక్కు జరిపితే బెల్టు బిగుసుకుంటుందన్నమాట. ఇంత సులువైన ఏర్పాటు ఉన్నదని యంత్రంతో వచ్చిన చిన్న పుస్తకంలో ఒక్క వాక్యం కూడా లేదు. ఈ యంత్రం మీద నాకున్న నిజమైన కోపం ఇదే.

పాత బెల్టునే బిగించి, ఫలితం నిజమా కాదా అని తేల్చుకోవడానికి డ్రమ్ము అంచుమీద పసుపు బొట్టు పెట్టి, ఫోనులో నెమ్మది వీడియో తీసి నిమిషానికి ఎన్ని చుట్లో లెక్కపెట్టాను. ఖాళీగా ఉన్నప్పుడు, గట్టి పిండి ఉన్నప్పుడు లెక్కలు దాదాపు మూడోవంతు తేడాగా వచ్చాయి. అంటే బరువు పడగానే బెల్టు ఇంకా జారుతోంది. బెల్టు మీద అచ్చువేసిన నంబరు రాసుకుని వన్‌టౌన్‌లో విడిభాగాలు అమ్మే ఒక చిన్న దుకాణంలో అడిగితే 180 రూపాయలకు దొరికింది. కొత్తది వేశాక ఆ తేడా బొట్టును చూస్తే తెలియనంత తగ్గింది. రుబ్బడానికి మెల్లగా 45 నిమిషాల వరకు పెరిగిపోయిన సమయం మళ్ళీ అరగంటకు దిగింది. పప్పు కొత్త దుకాణంలో కొనడం వల్లే అంతసేపు పడుతోందని నేను ఏడాదిపాటు అనుకున్నాను. ఆ దుకాణదారుడిని అనవసరంగా అనుమానించాను.

అన్నిటికంటే బాధ కలిగించినది మరొకటి. గ్రైండరు పెట్టే గట్టుమీద ఆ ఏడాదంతా నల్లటి పొడి సన్నగా పడుతూ ఉండేది. రాళ్ళ పొడేమోనని భయపడి పిండిని వేళ్ళతో నలిపి చూశానే గాని, అది డ్రమ్ము కింద నుంచి రాలుతున్న రబ్బరు అని తట్టలేదు. రోజూ తుడిచేసి ఊరుకున్నాను. ఈ యంత్రం వాడుతున్నవారు ఆ పొడి కనిపించిన రోజే అడుగు పలక విప్పించి బెల్టు చూడడం మంచిది. పప్పును ఒకేసారి కుమ్మరించకుండా, డ్రమ్ము తిరుగుతూ ఉండగా గుప్పెడు గుప్పెడుగా వేయాలని కూడా అప్పటినుంచే నేర్చుకున్నాను. మొదలుపెట్టేటప్పుడు రెండు చెంచాల నీళ్ళు ముందుగా చల్లితే రాళ్ళు తేలికగా దొర్లుతాయి, గారెల పిండి గట్టిదనానికి ఆ నీళ్ళు ఏమాత్రం అడ్డు రావు. ఎండాకాలంలో పప్పును మూడు గంటలకు మించి నానబెట్టను.

ఈ సంవత్సరం ఆబ్దికానికి గారెలు నా మనసుకు తగినట్టు వచ్చాయి. మధ్యలో చిల్లు పెట్టి నూనెలో వేయగానే పైకి తేలాయి, నూనె పీల్చలేదు.

అయినా అందరూ కొనవలసిన వస్తువని ఇప్పుడు ధైర్యంగా చెప్పలేకపోతున్నాను. మా ఇంట్లో ఐదుగురం ఉన్నాము, ఇడ్లీ లేని వారం లేదు, వంటగట్టు మీద దీనికి శాశ్వతమైన చోటు ఉంది కనుక నాకు సరిపోయింది. రాళ్ళతో సహా డ్రమ్మును ఎత్తి సింకులో పెట్టడం నా కుడి భుజానికి ఈమధ్య కష్టంగానే ఉంటోంది. రాళ్ళను ముందు విడిగా తీసి, డ్రమ్మును ఖాళీగా ఎత్తుతున్నాను. బరువు ఎత్తలేనివారు పిండి వంచడానికి వీలుగా వాలే రకాన్ని చూడవచ్చు, దాని ధర ఎక్కువ. ఏది కొన్నా దుకాణంలోనే తిరగేయించి, బెల్టు ఎక్కడుందో, విడిగా దొరుకుతుందో లేదో అడగడం మాత్రం మరవకూడదు. తెనాలిలో ఉన్న మా అక్క తనూ ఒకటి కొనుక్కోనా అని రెండు నెలలుగా అడుగుతోంది. అక్కా బావగారూ ఇద్దరే ఉంటారు, పిల్లలు సంక్రాంతికీ వేసవి సెలవులకూ మాత్రమే వస్తారు. ఇప్పుడే కొనవద్దని, పండుగకు మనవలు వచ్చినప్పుడు నా గ్రైండరునే వారం రోజులు తీసుకువెళ్ళి, తన చేతులతో ఎత్తి, కడిగి చూసుకోమని చెప్పాను. అదనంగా కొన్న రెండో బెల్టును కూడా దానితో పాటే పంపిస్తాను.