సుకన్య సమృద్ధి ఖాతా: కాలేజీ ఫీజు కట్టాక రాస్తున్న సమీక్ష

ఆడపిల్లల పేరిట కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ పొదుపు పథకం గురించి రాసేవాళ్ళలో చాలామంది ఖాతా తెరిచిన ఉత్సాహంలో రాస్తారు. అందులోంచి డబ్బు తీసి ఫీజు కట్టాక రాసినవి నా కంటబడలేదు. మేము 2015 ఏప్రిల్‌లో తెరిచాం, అప్పటికి మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. 2024లో బీటెక్ మొదటి ఏడాది ఫీజు కోసం తొలిసారి డబ్బు తీశాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డబ్బు దాచడానికి ఇంతకు మించిన ఖాతా నేను చూడలేదు. చదువుకు వాడుకోబోతే మాత్రం సగమే పనికొస్తుంది.

అనంతపురంలో మా ఆయనది మోటారు వైండింగ్ షాపు. ఈ జిల్లాలో ఆ పనికి ఎండాకాలమే అదను. ఫిబ్రవరి దాటితే బోర్లలో నీళ్ళు అడుగంటుతాయి, మోటారు నీళ్ళు లేకుండా తిరిగి కాలిపోతుంది. రైతు దాన్ని ట్రాక్టరు మీద వేసుకొచ్చి షాపు ముందు దించుతాడు. విప్పితే రాగి తీగ చుట్లన్నీ నల్లగా మాడి ఉంటాయి. అవతల చీనీ (బత్తాయి) చెట్లు ఎండిపోతుంటాయి కాబట్టి కొత్త తీగ చుట్టి చేతికిచ్చేదాకా రైతు అక్కడినుంచి కదలడు. ఆ మూడు నాలుగు నెలల సంపాదనే మాకు ఏడాదంతా. వానలు పడ్డాయంటే షాపులో ఈగలు తోలుకోవడమే. నెలనెలా ఒకే మొత్తం కట్టాలనే పథకాలు ఇలాంటి ఇంటికి గుదిబండలు. సుకన్యలో ఆ బాధ లేదు. ఏడాదిలో ఎప్పుడైనా, ఎన్నిసార్లయినా, లక్షన్నర మించకుండా ఎంతైనా కట్టవచ్చు. కనీస మొత్తం మొదట్లో వెయ్యి రూపాయలు ఉండేది, 2018లో 250కి తగ్గించారు.

మేము ఏటా 36,000 కట్టాం, అదీ ఏప్రిల్ అయిదో తేదీలోపే. నెలలో అయిదో తేదీ తర్వాతి నుంచి నెలాఖరు వరకు ఖాతాలో ఉన్న కనిష్ఠ నిల్వ మీదే ఆ నెల వడ్డీ లెక్కగడతారు. ఏప్రిల్ మొదట్లో కడితే పన్నెండు నెలల వడ్డీ, మార్చి నెలాఖరున పరుగెత్తుకుంటూ వెళ్ళి కడితే ఆ ఏటికి ఏమీ రాదు. మా మొత్తం మీద ఆ తేడా ఏడాదికి మూడు వేలకు దగ్గరగా ఉంటుంది. పన్ను కోసం మార్చిలో కట్టే ఉద్యోగస్తులు ఈ లెక్క ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. పన్ను మినహాయింపు సంగతి నేను మాట్లాడను, మా రాబడికి దాని అవసరమే పడలేదు.

వడ్డీ ఎప్పటికీ ఒకేలా ఉంటుందని మాత్రం అనుకోవద్దు. మేము చేరిన ఏడాది 9.2 శాతం. మెల్లగా దిగుతూ 2018 మొదట్లో 8.1కి వచ్చింది, కాస్త లేచింది, 2020 ఏప్రిల్‌లో ఒక్కసారిగా 7.6కి పడింది. మూడేళ్ళు అక్కడే ఉండి 2023 ఏప్రిల్‌లో 8, 2024 జనవరిలో 8.2 అయింది. చేరిన రోజు రేటుతో ఇరవై ఒక్కేళ్ళకు లెక్క వేసి చూపించే పట్టికలను నమ్మి ఫీజు ప్రణాళిక వేసుకోకూడదు.

ఈ ఖాతా అసలు విలువ నాకు 2020లో తెలిసింది. లాక్‌డౌన్ సరిగ్గా మా సీజనులోనే వచ్చింది. చేతికందిన ప్రతిదీ బయటికి తీశాం. రికరింగ్ డిపాజిట్ మధ్యలోనే మూసేశాం, నా గాజులు బ్యాంకులో కుదువకు వెళ్ళాయి. మ్యూచువల్ ఫండ్‌లో 2017 నుంచి సాగుతున్న సిప్ (నెలనెలా కట్టే వాయిదా) ఆపేశాం. సుకన్య మీద మాత్రం ఎవరి చెయ్యీ పడలేదు, పడే వీలే లేదు కాబట్టి. ఆ ఏడాది వెయ్యి రూపాయలు కట్టి ఊరుకున్నాం. ఏ ఏడాదైనా కనీస మొత్తం కట్టకపోతే, తప్పిన ఒక్కో ఏడాదికి యాభై రూపాయల జరిమానాతో తర్వాత సరిచేసుకోవచ్చు, అంతకుమించి నష్టం లేదు.

మా అత్తగారు మొదటినుంచీ బంగారమే కొనమన్నారు. లెక్క ప్రకారం ఆవిడ మాటే నెగ్గింది. 2015లో పది గ్రాములు 26 వేల చుట్టుపక్కల ఉండేది, 2024 వేసవికి 70 వేలు దాటింది. ఆ మాట ఆవిడ ఇప్పటికీ నెలకోసారైనా గుర్తుచేస్తారు. కానీ ఇంట్లో బంగారం ఉంటే 2020లో అదీ గాజుల వెంటే వెళ్ళేదని ఆవిడకూ తెలుసు.

ఇక డబ్బు తీయడం. అమ్మాయి పదో తరగతి పాసైనా, పద్దెనిమిదేళ్ళు నిండినా, ఏది ముందైతే అప్పటినుంచి చదువుకు తీసుకోవచ్చు. అయితే అంతకుముందు మార్చి 31 నాటి నిల్వలో సగం వరకే. ఆ సగం కూడా ప్రవేశం ఖరారైన పత్రమో, కాలేజీ ఇచ్చిన ఫీజు చీటీయో చూపించి, అందులో ఉన్న మొత్తం వరకే. ఒకేసారి తీసుకోవచ్చు, ఏడాదికొకటి చొప్పున అయిదు వాయిదాల్లోనూ తీసుకోవచ్చు. 2024 మార్చి ఆఖరుకు మేము కట్టింది 2.89 లక్షలు, ఖాతాలో ఉన్నది దాదాపు 4.38 లక్షలు. అంటే మాకు దక్కేది 2.19 లక్షలు. కాగితం వచ్చాకే డబ్బు తీయాలి, కాలేజీ వాళ్ళేమో డబ్బు కడితేనే సీటు ఖాయమంటారు. ఈ మధ్యలో ఇరుక్కోకుండా మొదటి విడత ఫీజంత మొత్తం మామూలు పొదుపు ఖాతాలో వేరుగా పెట్టుకోవాలి. మేము అలాగే గట్టెక్కాం.

మిగతా సగం ఎప్పుడు వస్తుంది? ఖాతా తెరిచిన ఇరవై ఒక్కేళ్ళకు, అంటే 2036లో. అప్పటికి మా అమ్మాయికి ఇరవై తొమ్మిదేళ్ళు. బీటెక్ అయిపోయి ఉద్యోగంలో స్థిరపడే వయసు. పద్దెనిమిది నిండాక పెళ్ళి కుదిరితే మాత్రం ఖాతా పూర్తిగా మూసి మొత్తం తీసుకోవచ్చట! చదువుకైతే సగం, పెళ్ళికైతే మొత్తం. ఈ నిబంధన రాసినవాళ్ళ మనసులో ఏముందో నేను వేరే చెప్పనక్కరలేదు. దీని మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు.

మరొకటి, మన ఇళ్ళలో చదువు ఖర్చు బీటెక్‌తో మొదలవదు, ఇంటర్‌తో మొదలవుతుంది. హాస్టల్‌తో కలిపి రెండేళ్ళ ఇంటర్‌కు అయ్యే ఖర్చు చాలామందికి కన్వీనర్ కోటాలో ఇంజనీరింగ్ చదువు కన్నా ఎక్కువ. అందుకే 2022లో ఆ రెండేళ్ళకు సిప్ డబ్బు వాడేశాం, సుకన్యను కదిలించలేదు. 2020 మార్చిలో స్టాక్ మార్కెట్ సూచీ మూడో వంతుకు పైగా పడినప్పుడు భయపడి అమ్మకపోవడం అక్కరకొచ్చింది.

కాబట్టి పాప పుట్టిన ఏడాదే తెరవగలిగితే కళ్ళు మూసుకుని తెరవండి, ఇరవై ఒకటో ఏట మొత్తం చేతికొస్తుంది, పైచదువుకు సరిపడా సమయం. రెండు మూడేళ్ళ పాపకూ పరవాలేదు. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లకు తెరిచేటట్టయితే ఇందులో పడే ప్రతి రూపాయిలో అర్ధరూపాయే కాలేజీకి అందుతుందని ముందే లెక్కవేసుకుని, మిగతాది వేరేచోట పెట్టండి. మా తమ్ముడి కూతురికి తొమ్మిదో ఏడు నడుస్తోంది, వాడికీ ఇదే చెప్పాను.

2025లో అమ్మాయికి పద్దెనిమిది నిండాయి, ఖాతా ఇప్పుడు తన చేతిలోకి వచ్చింది. జమ చేసే గడువు 2030 ఏప్రిల్ వరకు ఉంది. అప్పటిదాకా ఏటా 250 మాత్రమే కట్టి, 36,000లో మిగిలేది, హాస్టల్‌లో లేదు కాబట్టి అయ్యే బస్సు చార్జీలకు, పుస్తకాలకు, నాలుగో ఏడు ఫీజుకు పక్కన పెడుతున్నాం.