ఐ5-12400 మూడున్నరేళ్ల వాడకం: ఆ రోజు ‘ఎఫ్’ దొరక్కపోవడమే మేలైంది

ఇంటెల్ వాళ్ల ఐ5-12400 ప్రాసెసర్‌ని 2022 ఆషాఢంలో కొన్నాను. పెళ్లిళ్లు ఉండవు కాబట్టి పాత సిస్టం విప్పి కొత్తది బిగించుకోవడానికి మాకు దొరికే తీరికైన నెల అదే. గుంటూరు బ్రాడీపేటలో ఇంట్లోనే కూర్చుని పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. నలుగురైదుగురు కెమెరా వాళ్లు హార్డ్‌డిస్కులు తెచ్చిచ్చి వెళ్తుంటారు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, ఇన్ని గిగాహెర్ట్జ్ అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకుంటున్నది ఈ చిప్పులో ఒక మూలనుండే చిన్న భాగం గురించి.

కొనడానికి వెళ్లినప్పుడు నేనడిగింది 12400ఎఫ్. ఇంటెల్ వాళ్ల పేర్లలో చివర ఎఫ్ ఉంటే లోపలి గ్రాఫిక్స్ (విడిగా కార్డు లేకున్నా స్క్రీన్ మీద బొమ్మ చూపించే భాగం) పనిచేయదు, మిగతాదంతా అదే ప్రాసెసర్. నా దగ్గర అప్పటికే ఆర్‌టీఎక్స్ 3060 అనే ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుంది. షాపతను కూడా “కార్డుంది కదా మేడం, మళ్లీ లోపల గ్రాఫిక్స్ ఎందుకు, డబ్బులు దండగ” అన్నాడు. నాకూ సబబే అనిపించింది. కానీ ఆ వారం ఎఫ్ స్టాకు లేదు. విజయవాడలో రెండు షాపులకి ఫోన్ చేయించినా లేదన్నారు. ఇక ఆగలేక రెండు వేల చిల్లర ఎక్కువ పెట్టి మామూలు 12400 తెచ్చుకున్నాను. ఆ డబ్బు ర్యాముకి పెట్టుకుంటే సరిపోయేదని చాలా రోజులు మనసు పీకింది.

ఏడాదిన్నర ఏ గొడవా లేదు. పాత నాలుగు కోర్ల సిస్టం మీద రాత్రంతా పట్టే రెండు గంటల పెళ్లి ఫైలు, దీని మీద భోజనం చేసి గిన్నెలు కడిగేలోపు బయటికొచ్చేది. అడిగినవాళ్లందరికీ ఇదే కొనమని చెప్పాను.

2024 మాఘంలో మొదలైంది అసలు కథ. నాకు ఎక్కువ పని ఇచ్చే కెమెరా తమ్ముడు పాతది అమ్మి సోనీ ఏ7 ఫోర్ కొన్నాడు. “అక్కా, ఇకనుంచి 4:2:2 టెన్ బిట్‌లో తీస్తున్నా, కలర్ చూడు ఎలా వస్తుందో” అని డిస్కు ఇచ్చి వెళ్లాడు. రంగుల వివరం ఎక్కువగా దాచే పద్ధతి అది. కలర్ నిజంగానే బావుంది. మధుపర్కాల ఎర్రంచు, పసుపు, బంగారం ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా నిలబడ్డాయి. కానీ టైంలైన్ మీద ప్లే నొక్కితే రెండు సెకన్లు ఆడి బిగుసుకుపోయేది. జీలకర్రబెల్లం పెట్టే క్షణం దగ్గర కట్ వేయాలి కదా, ఆ ఫ్రేము కోసం వెనక్కి జరిపితే స్క్రీను అలాగే నిలిచిపోయి, నేను చెయ్యి తీశాక ఎక్కడో తలంబ్రాల దగ్గర తేలేది. దిక్కులేక ప్రతి ఫైలుకీ ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ వరకు వాడుకునే తేలికపాటి నకళ్లు, చేసుకోవడం మొదలుపెట్టాను. రాత్రి ప్రాక్సీలకి పెట్టి పడుకోవడం, మధ్యలో కరెంటు పోయి యూపీఎస్ చాలక ఆగిపోతే పొద్దున మళ్లీ మొదటినుంచీ. ఆ నెలలో మూడు పెళ్లిళ్లు ఆలస్యంగా ఇచ్చాను. అమ్మాయి అత్తారింటికి వెళ్లేలోపు వీడియో ఇస్తానని ఒక తల్లికి మాటిచ్చి తప్పాను. అది ఇప్పటికీ గుర్తొస్తుంది.

ప్రాసెసర్ చాలట్లేదనుకున్నాను. ఇంకెవరైనా అదే అనుకుంటారు, ఆరు కోర్లూ నూటికి నూరు శాతం కొట్టుకుంటుంటే. పద్నాలుగో జనరేషన్ ఐ7 వేసుకుందామని అడిగితే ప్రాసెసర్‌కి నలభై వేలకి దగ్గరగా అయింది. దాని వేడికి కొత్త కూలర్, దాని కరెంటుకి కొత్త ఎస్‌ఎంపీఎస్ కూడా కావాలన్నారు. అందులోనూ ఎఫ్ రకమే తీసుకోమని సలహా. అడ్వాన్సు ఇవ్వడానికి రెండు రోజుల ముందు, ఇంజనీరింగ్ చదివే మా పిన్ని కొడుకు ఇంటికొచ్చాడు. వాడు చేసిందల్లా టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో నా గ్రాఫిక్స్ కార్డు మీద నొక్కి, వీడియో డీకోడ్ అన్న గడి చూపించడం. వీడియో ఆడుతోంది, ఆ గడిలో గీత మాత్రం నేల మీద పడుకుని ఉంది. సున్నా.

“అక్కా, నీ కార్డు ఈ ఫైలుని ముట్టుకోవట్లేదు. మొత్తం కోర్లే మోస్తున్నాయి” అన్నాడు.

వాడు చెప్పాక, నేను చదువుకున్నాక నాకర్థమైంది ఇదీ. తమ్ముడు తెచ్చే ఫైళ్లు హెచ్.265 అనే పద్ధతిలో కుదించినవి. అలాంటి ఫైల్లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. చాలా ఫ్రేముల్లో పక్క ఫ్రేములతో పోలిస్తే ఏం మారిందో అంతవరకే రాసి ఉంటుంది. ఒక్క ఫ్రేము చూపించాలంటే దాని ఆధారం దగ్గర్నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. అందుకే వెనక్కి జరిపితే అంత అవస్థ. పైగా 4:2:2లో రంగు సమాచారం మామూలు 4:2:0కి రెట్టింపు, టెన్ బిట్ అంటే ఒక్కో రంగుకి 256 బదులు 1024 మెట్లు. ఈ విప్పే పని కోర్లతో చేయిస్తే తలకు మించిన భారం, అదే పనికోసం చెక్కిన సర్క్యూట్ ఉంటే క్షణాల పని. ఎన్విడియా కార్డుల్లో 4:2:2ని విప్పే సర్క్యూట్ 2025లో వచ్చిన 50 సిరీస్ దాకా లేదు. నా 3060 ఎంత బలమైనదైనా దీని ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో మాత్రం, 2021లో వచ్చిన పదకొండో జనరేషన్ రాకెట్ లేక్ నుంచే, హెచ్.265 4:2:2 టెన్ బిట్‌ని విప్పే భాగం లోపలి గ్రాఫిక్స్‌లో ఉంది. క్విక్ సింక్ అంటారు. అంటే నేను దండగనుకున్న రెండు వేలకి వచ్చింది అదే.

మరి ఏడాదిన్నర ఎందుకు కనిపించలేదు? కార్డు పెట్టగానే నా మదర్‌బోర్డు లోపలి గ్రాఫిక్స్‌ని తనంతట తానే ఆపేసింది. చాలా బోర్డులు ఇలాగే చేస్తాయట. మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి ఐజీపీయూ మల్టీ మానిటర్ అన్నది (కార్డుతో పాటు లోపలి గ్రాఫిక్స్‌నీ పనిచేయనిచ్చే సెట్టింగు) ఎనేబుల్ చేశాం, ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవరు వేశాం, నేను ఎడిట్ చేసే ప్రీమియర్ సాఫ్ట్‌వేర్‌లో ప్రిఫరెన్సెస్, మీడియా కింద హార్డ్‌వేర్ డీకోడింగ్ దగ్గర ఇంటెల్ పేరు పక్కన టిక్ పెట్టి మళ్లీ తెరిచాం. వైరు మార్చలేదు, మానిటర్ కార్డుకే ఉంది. ప్లే నొక్కితే ఆడింది. వెనక్కి లాగితే వేలితో పాటు వచ్చింది. జీలకర్రబెల్లం ఫ్రేము మీద ఆపి, ఒక్కో ఫ్రేమూ అటూ ఇటూ జరిపి చూశాను. టాస్క్ మేనేజర్లో యూహెచ్‌డీ గ్రాఫిక్స్ 730 (లోపలి గ్రాఫిక్స్ పేరు అదే) అన్నచోట డీకోడ్ గీత లేచి నిలబడింది, కోర్లు చల్లబడ్డాయి. ఆ రాత్రి ప్రాక్సీలు లేకుండా పడుకున్నాను. కొత్త ప్రాసెసర్ ఆర్డర్ మానేశాను.

మానేయడం ఇంకో రకంగానూ కలిసొచ్చింది. అదే ఏడాది 13, 14 జనరేషన్లలో కరెంటు ఎక్కువ తాగే ప్రాసెసర్లు వోల్టేజి సమస్యతో క్రాష్ అవుతున్నాయని బయటపడింది. ఇంటెల్ ఆగస్టులో దాన్ని సరిచేసే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. బయోస్ అప్‌డేట్ చేసుకుని బాగానే వాడుతున్నవాళ్లున్నారు, కానీ పెళ్లిళ్ల సీజన్లో ఆ అనుమానం పెట్టుకుని కూర్చునే ధైర్యం నాకు లేదు.

ఇంత మెచ్చుకున్నాక ఒకటి రెండు సర్దుకుని చెప్పాలి. సింగిల్ కెమెరా ఫైలుకి వెన్నలా నడుస్తుంది. మూడు కెమెరాల మల్టీక్యామ్ తెరిస్తే మళ్లీ నత్తి వస్తుంది. 12400లో ఉండే 730లో కోడెక్ ఇంజిను, అంటే వీడియోని విప్పే సర్క్యూట్, ఒక్కటే. 12500 నుంచి పైన వచ్చే 770లో రెండుంటాయి. ఈ ముక్క కొనేరోజు తెలిసుంటే ఇంకాస్త పెట్టి 12500 తెచ్చుకునేదాన్ని. చీకట్లో తీసిన ఊరేగింపు మీద నాయిస్ తీసే ఎఫెక్ట్ వేస్తే క్విక్ సింక్ ఏమీ చేయలేదు, అక్కడ కార్డూ కోర్లే దిక్కు. భోజనం చేసి గిన్నెలు కడిగేలోపు అని పైన రాశాను కదా, అది పాత ఎనిమిది బిట్ల ఫైళ్లకి. ఇప్పటి 4కె పెళ్లికి ఒక నిద్ర పడుతుంది.

పెట్టెలో వచ్చిన ఫ్యాను గురించి కూడా. పేరుకి 65 వాట్ల ప్రాసెసరే గానీ పూర్తిగా పరిగెత్తినప్పుడు 117 దాకా వెళ్తుంది. మే నెలలో మన గుంటూరు ఎండకి, ఏసీ లేని గదిలో, మధ్యాహ్నం రెండుకి ఎక్స్‌పోర్ట్ పెడితే ఆ ఫ్యాను రొద పక్క గదిలోకి వినిపిస్తుంది. రెండో వేసవిలో టవర్ కూలర్ ఒకటి వేయించాక నెమ్మదించింది.

మొన్న తెనాలి నుంచి తెలిసిన అబ్బాయి ఫోన్ చేసి, సిస్టం కొంటున్నాను, ఎఫ్ వద్దంటారు కదా అక్కా అని అడిగాడు. నువ్వు దేంట్లో తీస్తావని అడిగాను. పాత కెమెరా, ఎనిమిది బిట్లు, 4:2:0, ఇంకో రెండేళ్లు మార్చే ఆలోచన లేదన్నాడు. కార్డు కూడా ఉందట. ఆ ఫైళ్లని ఆ కార్డే విప్పేస్తుంది. నీకు ఎఫ్ చాలు, మిగిలింది ర్యాముకి పెట్టు అని చెప్పాను. కెమెరా మార్చే రోజు మాత్రం, మార్చాక కాదు, మార్చడానికి ముందే ఒకసారి నాకు ఫోన్ చెయ్యమన్నాను.