ఆరేళ్ల సన్నగీత టాటూ: థ పొట్టలో చుక్క పూడిపోయింది

ముంజేతి లోపలివైపు నెమలీక, దాని కింద ‘కథ’ అని రెండక్షరాలు. ఈకకు వంక పెట్టను. కోపమంతా ఆ థ మీదే. అక్షరం ఎత్తు 6 మి.మీ., లోపలి చుక్కకూ చుట్టుగీతకూ మధ్య ఒక మి.మీ. జాగా కూడా లేదు. మొదటి నెల అచ్చేసినట్టుంది. మూడో ఏటికి చుక్క వెళ్లి గీతకు అంటుకుంది. ఇప్పుడది నల్లగా పూడిన ముద్ద. చదివేవాళ్లు ‘కధ’ అంటున్నారు.

సిరా వేసినచోట అలాగే ఉండిపోదు. చర్మం లోపలి పొరలో కణాలు దాన్ని మింగి పట్టుకుంటాయి. అవి చచ్చాక కొత్తవి అందుకుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ గీత కాస్త లావెక్కడం ఎంత మంచి చేతిలోనైనా తప్పదు. అందుకే ‘ఇంత చిన్నగా వెయ్యను, రెట్టింపు చేద్దాం’ అని స్టెన్సిల్ (బొమ్మ అచ్చుకాగితం) చర్మానికి అంటించకముందే మొండికేసే ఆర్టిస్టే సన్నపని తెలిసినవాడు. నాకు వేసినతను అడిగినంతలోనే వేసి పంపాడు. సున్నలు, ఒత్తులు, పొట్టలో చుక్కలున్న మన లిపికి ఈ మొండితనం మరీ అవసరం.

ఆర్టిస్టు వేసిన టాటూల ఫొటోలు చూసేటప్పుడు ఆ రోజే తీసినవి పక్కన పెట్టండి. అప్పుడే వేసిన గీత ఎవరిదైనా పదునుగానే కనిపిస్తుంది. కనీసం ఏడాది దాటినవి అడిగి, పెద్దవి చేసి చూడండి. గీతలు కలిసేచోట చిన్న నల్లచుక్కలుంటే చెయ్యి అక్కడ ఆగి రెండోసారి దిగిందని అర్థం. గీత పక్కన నీలం నీడలాంటిది కమ్ముకుని ఉంటే సూది లోతుకెళ్లి సిరా కొవ్వుపొరలోకి చిమ్మింది. దిగాల్సింది 1 నుంచి 2 మి.మీ. లోపే. అంతకన్నా పైపైన వేస్తే పక్కు రాలేటప్పుడు గీత తెగుతుంది, కానీ రెండు నెలలాగి టచప్‌తో సరిచేయించుకోవచ్చు. చిమ్మిన సిరాను ఏ టచప్పూ వెనక్కి తీయలేదు. కాబట్టి తెగిన గీతల ఆర్టిస్టైనా నయమే గానీ నీలం నీడల ఆర్టిస్టు వద్దు.

‘ఒంటి సూదితో వేస్తారా’ అని అడగడం ఈమధ్య ఫ్యాషన్. ఒంటి సూది మొనకు లోతుకు జారడం చాలా తేలిక. తేలిక చెయ్యి ఉంటే మూడు సూదుల గుత్తి, అదే 3ఆర్‌ఎల్, చాలు. గీత సన్నగానే మానుతుంది, సమంగా కూడా ఉంటుంది.

ఈకకు వంక పెట్టనన్నాను గానీ, మణికట్టు మడతవైపు నాలుగైదు పోగులు ఎప్పుడో మాయమయ్యాయి. గడియారం పట్టీ రాసుకునే చోటది, పైగా సన్‌స్క్రీన్ రాసే అలవాటు నాకు లేదు. చామనఛాయ చర్మం మీద బూడిదరంగు నీడలైతే మొదట్నుంచీ అంతంతమాత్రమే. ఈకలు, ఆకుల్లాంటివైతే మళ్లీ అతని దగ్గరికే వెళ్తాను. అక్షరాలకు మాత్రం వెళ్లను, వెళ్లినా స్కేలు పట్టుకునే వెళ్తాను.